పాలిష్ గదికి గాలి ఎటునుంచి రావాలి?

పాలిష్ గదికి ఏ ఎగ్జాస్ట్ ఫ్యాన్ కొనాలని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. కంపెనీ పేరు ఒకటి చెప్పేస్తే సరిపోతుంది గానీ, మా గదిలో అసలు వాసనను బయటికి లాగే ఫ్యానే లేదు. ఉన్న ఒక్క ఫ్యానునీ తిరగేసి బిగించాం. అది బయటి గాలిని లోపలికి తోస్తుంది. చూసినవాళ్ళు "మేడమ్, మీ ఫ్యాన్ తిరగబడి ఉంది" అని జాలిగా చెప్పి వెళ్తుంటారు.

నేను విజయవాడలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్తాను. మా ఇల్లు సత్యనారాయణపురంలో. కింద మేము ఉంటాం, పైన డాబా, డాబా మీద ఒక గది. పాత టేకు సామాను గీకి, లప్పం పెట్టి, ఉప్పు కాగితంతో రుద్ది పాలిష్ చేయడం నా సెలవురోజుల పని. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా చుట్టాల ఇళ్ళలోని కుర్చీలు, బల్లలు, ఒక ఉయ్యాల బల్ల మా డాబా మీదికి చేరాయి. ప్లైవుడ్, పార్టికిల్ బోర్డు ఉబ్బి పొరలు పొరలుగా విడిపోయాయి. వాటిని ఎవరూ బాగుచేయలేరు. టేకు మాత్రం బురద కడిగి నీడలో ఆరబెడితే నిలబడింది, పైన పాలిష్ ఒక్కటే తెల్లగా పాలిపోయింది. దాంతో సరదా కాస్తా పెద్ద పనై కూర్చుంది. పాలిష్‌ని పలచన చేసే థిన్నర్ సీసాల్లో వచ్చేది కాస్తా డబ్బాల్లో రావడం మొదలైంది. డబ్బా ఇంట్లోకి వచ్చాక నేను చేసిన మొదటి పని, క్లాసులో పిల్లల చేత చేయించే లెక్కే కాగితం మీద వేసుకోవడం.

ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పాలిష్‌లో కలిపే థిన్నర్ అంటే ఒకే పదార్థం కాదు. టోలుయీన్, అసిటోన్, ఎసిటేట్లు, ఆల్కహాళ్ళు కలిసి ఉంటాయి, కంపెనీని బట్టి పాళ్ళు మారతాయి. లెక్క సులువుగా ఉండాలని మొత్తం టోలుయీనే అనుకుందాం. లీటరు టోలుయీన్ 870 గ్రాముల దాకా తూగుతుంది. మోలార్ ద్రవ్యరాశి 92. అంటే తొమ్మిదిన్నర మోల్స్‌కి కాస్త తక్కువ. మన వేడికి ఒక్కో మోల్ ఆవిరి దాదాపు 25 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది (పుస్తకంలోని 22.4 సున్నా డిగ్రీల దగ్గరి మాట, బెజవాడకు పనికిరాదు). మొత్తం 235 లీటర్ల ఆవిరి. పది అడుగుల పొడవు, పది వెడల్పు, పది ఎత్తు ఉన్న గదిలో పట్టే గాలి 28,000 లీటర్లు. భాగిస్తే 0.8 శాతం పైనే వస్తుంది. టోలుయీన్ ఆవిరి గాలిలో సుమారు 1.1 శాతానికి చేరితే చాలు, నిప్పురవ్వ తగిలిన క్షణంలో గది మొత్తం అంటుకుంటుంది. అంటే తలుపులు మూసిన చిన్న గదిలో లీటరు థిన్నర్ ఆరిందంటే, ఆ హద్దుకి ముప్పావు దూరం వచ్చేసినట్టే.

అదీ ఆవిరి గదంతా సమానంగా కలిసిపోతేనే. కలవదు. టోలుయీన్ ఆవిరి గాలి కంటే మూడింతలు బరువు, అసిటోన్ ఆవిరి రెండింతలు. నీళ్ళలాగా నేల మీద పరుచుకుని పల్లానికి పోతుంది. నిలబడి పనిచేసేవాళ్ళ ముక్కుకి వాసన తక్కువే ఉన్నా, మోకాళ్ళ కింద హద్దు దాటిపోయి ఉండొచ్చు. పైగా మన ముక్కు కాసేపటికే వాసనకు అలవాటు పడిపోతుంది. "ఇప్పుడు వాసన తగ్గింది" అనే మాటను నేను లెక్కలోకి తీసుకోను.

డాబా మీద పల్లం అంటే మెట్లు. మెట్లు దిగితే వంటిల్లు. ఇంతకంటే దగ్గరిది ఇంకోటి ఉంది. మా డాబా మీద గదికి ఎదురుగా తులసి కోట ఉంది. రోజూ సాయంత్రం అత్తయ్యగారు అక్కడ దీపం పెడతారు. ఆవిరి నేల వెంట పాకుతూ దీపం దాకా వెళ్ళిందంటే, మంట అదే దారిన వెనక్కి పాకి డబ్బా దాకా వస్తుంది. ఈ ముక్క ఆవిడకు చెప్పడానికి నేను ముందు కొంచెం తటపటాయించాను.

"అయితే సంధ్యదీపం మానేయమంటావా?" అన్నారు.

"దీపం మానొద్దు అత్తయ్యా, పాలిష్ పొద్దున్నే ముగించేస్తాను. మధ్యాహ్నం తర్వాత డబ్బా మూత తీయను."

"మరి కార్తీకంలో? తెల్లారుజామున కూడా పెడతానే."

కార్తీకమాసంలో పాలిష్ బంద్. దీపావళికి ముందు నుంచే బంద్, పక్క డాబాల మీద నుంచి రాకెట్లు ఎటు వస్తాయో ఎవరికి తెలుసు. ఆ నెలలో గీకడం, రుద్దడం లాంటి పనులు పెట్టుకుంటాను. ఇంట్లో ఉన్న రక్షణ ఏర్పాట్లన్నింటిలోకీ ఇదే గట్టిదని నా నమ్మకం, ఎందుకంటే దీన్ని అమలు చేసేది అత్తయ్యగారు.

మన వాతావరణం గురించి ఒక మాట చెప్పాలి. మండే ద్రవాల మీద చాలా సలహాలు చల్లటి దేశాల నుంచి వచ్చినవే. మన పెట్రోలియం చట్టం కూడా ఫ్లాష్ పాయింట్ (ద్రవం నుంచి అంటుకునేంత ఆవిరి రావడం మొదలయ్యే వేడి) 23 డిగ్రీల లోపు ఉన్నవాటిని 'ఎ' క్లాసు అంటుంది, అన్నిటికంటే ప్రమాదకరమైనవన్నమాట. టోలుయీన్‌ది 4 డిగ్రీలు, అసిటోన్‌ది సున్నాకి 20 కింద. అవి ఎక్కడైనా ప్రమాదమే. మినరల్ టర్పెంటైన్ సంగతి వేరు. దాని ఫ్లాష్ పాయింట్ 38-40 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి "టర్పెంటైన్‌కి అంత భయం లేదు" అంటారు. చల్లటి ఊళ్ళో నిజమే. రోహిణి కార్తెలో విజయవాడ డాబా మీద, రేకుల కింద, ఆ హద్దు పొద్దున పదింటికే దాటిపోతుంది. ఎండాకాలంలో నేను టర్పెంటైన్‌నీ థిన్నర్‌నీ ఒకే కంటితో చూస్తాను.

ఇక నిప్పు. అగ్గిపుల్ల, బీడీ, గ్యాస్ పొయ్యి అందరికీ తెలిసినవే. కనబడని నిప్పులే ఎక్కువ. లైటు స్విచ్చు వేసినప్పుడు లోపల చిన్న రవ్వ వస్తుంది. ఫ్రిజ్ దానంతటది ఆన్ అయినప్పుడు వస్తుంది. ఇన్వర్టర్ రిలేలో వస్తుంది. డ్రిల్లు, చేతి సాండర్ లాంటి వాటి మోటార్లలో కార్బన్ బ్రష్‌ల దగ్గర అది తిరుగుతున్నంతసేపూ వస్తూనే ఉంటుంది. అన్నిటికంటే నాకు భయం దోమల బ్యాట్. మా ఊళ్ళో సాయంత్రమైతే ప్రతి ఇంట్లో ఎవరో ఒకరి చేతిలో ఉంటుంది, చటచటమని రవ్వలు రాల్చడమే దాని పని. మా గది గుమ్మం దగ్గర చాక్‌పీస్‌తో గీత గీశాను. బ్యాట్, ఫోను, చార్జరు ఆ గీత దాటి లోపలికి రాకూడదు. పాలిష్ చేసేటప్పుడు నూలు బట్టలే కడతాను. నైలాన్, పాలిస్టర్ చీరకొంగు రాపిడికి పుట్టే స్టాటిక్ రవ్వ కూడా ఆవిరికి చాలు.

గదిలోని సీలింగ్ ఫ్యాన్ తీయించేశాం. స్విచ్ బోర్డు మెట్ల గదిలోకి మార్పించాం. ట్యూబ్‌లైటు కిటికీ బయట ఉంటుంది, తెరుచుకోని అద్దంలోంచి వెలుగు లోపలికి పడుతుంది. ఎలక్ట్రీషియన్ కుర్రాడు వైరింగ్ మొత్తం ఊడదీయమంటే వింతగా చూశాడు, "మేడమ్, అందరూ పాయింట్లు పెంచమంటారు" అన్నాడు.

ఇప్పుడు ఫ్యాన్ దగ్గరికి వద్దాం. మామూలు ఎగ్జాస్ట్ ఫ్యాన్‌లో మోటారు రెక్కల మధ్యలోనే ఉంటుంది. గదిలోని ఆవిరంతా ఆ మోటారు మీదుగా, దాని వేడి మీదుగా, దాని వదులైన వైరు కనెక్షన్ మీదుగా బయటికి పోవాలి. నిప్పు పుట్టే అవకాశమున్న వస్తువు దగ్గరికి ఆవిరిని మనమే పోగుచేసి పంపుతున్నట్టు. ఫ్యాక్టరీల్లో దీనికి ఫ్లేమ్‌ప్రూఫ్ ఫ్యాన్లు (లోపల పుట్టిన మంటను బయటికి రానివ్వనివి) వాడతారు, లేదా మోటారును గాలి దారి బయట పెట్టి, రవ్వ రాల్చని అల్యూమినియం రెక్కలు పెడతారు. ఇంటికి అంత ఖర్చు పెట్టలేనప్పుడు నాకు నచ్చిన దారి, ఫ్యాన్‌ని తిప్పి పెట్టడం. బయటి శుభ్రమైన గాలే మోటారు మీదుగా లోపలికి వస్తుంది. ఆవిరి వేరే దారిన తనంతట తానే బయటికి పోతుంది.

ఆ వేరే దారి మా గదిలో ఉత్తరం గోడ అడుగున ఉన్న తూము. నేలకు ఆనుకుని వరసగా కొన్ని ఇటుకలు తీయించి, ఎలుకలు, ఉడతలు దూరకుండా ఇనుప జాలీ కొట్టించాం. ఫ్యాన్ దక్షిణం కిటికీలో, పైన. పైరగాలి వచ్చే దిక్కు కూడా అదే కాబట్టి ఫ్యాన్‌కి గాలి ఎదురు తిరగదు. గాలి పై నుంచి వచ్చి, గదిని అడ్డంగా ఊడ్చుకుంటూ, కింద నుంచి పోవాలి. తూము పెట్టే ముందు అవతల ఏముందో చూసుకోవాలి. పక్కింటివాళ్ళ కిటికీ, ఏసీ అవుట్‌డోర్ యూనిట్, మెట్లు, ఇన్వర్టర్ ఆ వైపు ఉండకూడదు. మా తూము తులసి కోటకీ మెట్లకీ పూర్తిగా అవతలి వైపు ఉంది.

దీనికొక షరతు ఉంది. గాలిని లోపలికి తోస్తే గదిలో ఒత్తిడి పెరిగి, ఏ సందు దొరికితే ఆ సందులోంచి ఆవిరి బయటికి నెట్టుకుంటుంది. గది తలుపు ఇంట్లోకి తెరుచుకునేదైతే ఆ సందు మీ హాల్లోకే. కాబట్టి ఇది డాబా మీదో, పెరట్లోనో విడిగా ఉన్న గదికే పనికొస్తుంది. మాది డాబా మీదికి తెరుచుకునేదైనా, తలుపు చుట్టూ రబ్బరు పట్టీ వేయించి, మెట్ల గది తలుపు కూడా మూసి ఉంచుతాను.

గాలి నిజంగా ఎలా పోతోందో చూడటానికి అగరుబత్తి బాగా ఉపయోగపడింది. డబ్బాలన్నీ కింది గేటు దగ్గరికి చేర్చేసి, గదిలో చుక్క థిన్నర్ కూడా లేనప్పుడు వెలిగించి, పొగను మూలమూలకీ పట్టి చూశాం. మూడు మూలల్లో పొగ చక్కగా తూము వైపు సాగింది. తలుపు వెనక మూలలో మాత్రం అక్కడే సుడి తిరుగుతూ నిలబడిపోయింది. ఆ మూలలో ఇప్పుడు ఏమీ పెట్టం, తడి సామాను అసలే పెట్టం.

ఫ్యాన్ మీద గంటకు 1,000 ఘనపు మీటర్లు అని ఉంది. అది ఏ అడ్డూ లేనప్పటి మాట. ముందు ఫిల్టర్ పెట్టాక సగం వస్తే గొప్ప. అరగంటలో లీటరు థిన్నర్ ఆరుతుందనుకుంటే, ఆవిరిని మండే హద్దులో నాలుగో వంతు దాటకుండా ఉంచడానికి (పరిశ్రమల్లో పాటించే గీత అదే) ఆ అరగంటలో 85 ఘనపు మీటర్ల గాలి కావాలి. సగం లెక్కన మా ఫ్యాన్ 250 ఇస్తుంది. ఈ మూడింతల తేడాని నేను మిగులు అనుకోను. నిలబడిపోయే మూలలకీ, తడి బల్ల దగ్గరి చిక్కటి ఆవిరికీ అది ఖర్చైపోతుంది. అందుకే ఒక విడతలో పావు లీటరు మించి గదిలోకి తీసుకెళ్ళను. పెద్ద డబ్బా డాబా మీదికే రాదు.

నాకు పాలిష్ నేర్పిన మేస్త్రి వన్‌టౌన్ మనిషి. తలుపులు, కిటికీలు బిగించుకుని పనిచేయడం ఆయన అలవాటు. ఫ్యాన్ చూసి నవ్వాడు.

"గాలి తోలితే దుమ్మొచ్చి కోటింగ్ మీద కూర్చుంటది మేడమ్‌గారూ. తర్వాత ఉప్పు కాగితం పెట్టి మళ్ళీ మొదటికి రావాల."

ఆయన భయం న్యాయమైనదే. పాలిష్ గదులు మూసేసుకునేది అజ్ఞానంతో కాదు, దుమ్ముకు భయపడి. ఎగ్జాస్ట్ పెడితే ఈ సమస్య ఇంకా ముదురుతుంది. గదిలో ఒత్తిడి తగ్గి, తలుపు కింద నుంచి, కిటికీ సందుల నుంచి వడకట్టని దుమ్ము లోపలికి పీల్చుకుంటుంది. గాలిని లోపలికి తోస్తే వచ్చే దారి ఒక్కటే, దానికి ఫిల్టర్ కట్టొచ్చు. పెద్ద ఏసీ డక్టులకు వాడే దూది షీటు చెక్క ఫ్రేములో బిగించి ఫ్యాన్‌కి బయటి వైపు పెట్టాం. రెండు వారాలకే నల్లబడుతుంది, మన ఊరి దుమ్ము అలాంటిది. గాలి నేరుగా తడి పాలిష్ మీద కొట్టకుండా ఫ్యాన్ ముందు ఒక పలక ఏటవాలుగా పెట్టించింది మేస్త్రే. గాలి దాని మీద తగిలి పైకప్పుకి వెళ్ళి మెల్లగా దిగుతుంది. ఇప్పుడు ఆయన ఉయ్యాల బల్ల మీద చెయ్యి వేసి నిమిరి, ఏమీ అనకుండా ఊరుకుంటాడు. ఆయన దగ్గర అదే మెప్పు.

వర్షాకాలంలో మటుకు ఏ ఫ్యానూ ఆదుకోదు. థిన్నర్ వేగంగా ఆవిరవుతూ చెక్క పైభాగాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దాని మీద దిగి పాలిష్ తెల్లబారుతుంది. రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మది చేసే ద్రవం) కలిపితే కొంత తగ్గుతుంది. ముసురు పట్టిన రోజు నేను డబ్బా ముట్టను.

కరెంటు పోతే? మన దగ్గర ఇది వేయాల్సిన ప్రశ్నే. ఫ్యాన్ ఆగిన మరుక్షణం డబ్బా మూత పెట్టి, తలుపు బార్లా తీసి, బయటికొచ్చి, మెట్ల గదిలో ఫ్యాన్ స్విచ్ ఆపేస్తాను. ఆపడం ఎందుకంటే, కరెంటు తిరిగి వచ్చేసరికి గదిలో ఆవిరి పేరుకుని, ఆగి ఉన్న మోటారు చుట్టూ కూడా చేరి ఉండొచ్చు. అలాంటప్పుడు ఫ్యాన్ దానంతటది ఉలిక్కిపడి లేవకూడదు. గది బాగా ఆరాకే మళ్ళీ వేస్తాను. ఇదే కారణంగా ఫ్యాన్‌ని ఇన్వర్టర్‌కి కలపలేదు. మామూలు రోజుల్లో మూత తీయకముందే ఫ్యాన్ తిరుగుతుండాలి, పని అయ్యాక పాలిష్ చేతికి అంటనంత ఆరేదాకా తిరగాలి.

నిప్పుకి సరిపోయే గాలి ఊపిరితిత్తులకు సరిపోదు. ఈ తేడా చాలామందికి తట్టదు. మండే హద్దులో నాలుగో వంతు అంటే టోలుయీన్ పది లక్షల పాళ్ళలో 2,750. పనిచేసే చోట ఆరోగ్యం సంగతి చూసే అమెరికా నియోష్ సంస్థ రోజంతా పనిచేసేవాళ్ళకు చెప్పే హద్దు 100, ప్రాణానికే తక్షణ ప్రమాదం అనే గీత 500. ఆ 100 లోపు ఉంచాలంటే అరగంటలో 85 కాదు, 2,350 ఘనపు మీటర్ల గాలి కావాలి. ఇంటి ఫ్యాన్ వల్ల కాదు. అందుకే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు పెట్టుకుంటాను. కోవిడ్ రోజుల నాటి ఎన్95 మాస్కు దుమ్మునే ఆపుతుంది, ఆవిరిని ఆపదు. కార్ట్రిడ్జ్‌లను గాలి చొరని డబ్బాలో దాచాలి, బయట పడేస్తే వాడకపోయినా పీల్చుకుంటూ అయిపోతాయి. హార్డెనర్ (గట్టిపరిచే రసాయనం) కలిపే పీయూ (పాలీయురెథేన్) పాలిష్ జోలికి ఇంట్లో వెళ్ళను. హార్డెనర్‌లోని ఐసోసయనేట్లు ఒకసారి పడకపోతే ఆస్తమా జీవితాంతం వెంటపడొచ్చు.

స్ప్రే గన్ కూడా అంతే. స్ప్రే బూతుల్లో గాలి నిమిషానికి వంద అడుగుల వేగంతో కదలాలంటారు. మా గది అడ్డుకోతకు ఆ వేగం రావాలంటే నిమిషానికి పదివేల ఘనపు అడుగులు కావాలి, అది ఇంటి ఫ్యాన్ సంగతి కాదు. పైగా తుంపరగా కొట్టిన ద్రవం ఫ్లాష్ పాయింట్ లోపు వేడిలో కూడా అంటుకోగలదు. మా గదిలో గుడ్డముద్ద, బ్రష్ మాత్రమే. స్ప్రేనే కావాలనుకున్న సామాను బూత్ ఉన్న వర్క్‌షాపుకి ఆటోలో వెళ్తుంది.

గుడ్డల సంగతి గాలికి సంబంధించింది కాకపోయినా చెప్పకుండా ఉండలేను. అవిసె నూనె, దానితో చేసిన టీక్ ఆయిల్ లాంటివి పూసిన గుడ్డలు నిప్పు అవసరం లేకుండా వాటంతటవే అంటుకుంటాయి. ఆ నూనె ఆరడమంటే ఆక్సిజన్‌తో కలవడమే, అందులో వేడి పుడుతుంది. ఉండచుట్టి మూల పడేస్తే ఆ వేడి బయటికి పోలేక లోపలే పెరుగుతుంది. 1991 ఫిబ్రవరి 23న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనం తగలబడింది. చెక్క పనికి వాడి 22వ అంతస్తులో వదిలేసిన నూనె గుడ్డల నుంచి మొదలైంది. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. స్ప్రింక్లర్లు ఉన్న 30వ అంతస్తు దగ్గర గానీ మంట ఆగలేదు. మా ఇంట్లో అలాంటి గుడ్డలు మూత ఉన్న ఇనుప బకెట్లో నీళ్ళలో మునిగి ఉంటాయి. పనిమనిషికి కూడా గట్టిగా చెప్పాను, అందులోవి పిండి చెత్తబుట్టలో వేయొద్దని.

మంటలార్పే సిలిండర్ ఏబీసీ పౌడరుది ఒకటి ఉంది. గది లోపల పెట్టలేదు, మెట్ల గదిలో పెట్టాం. గది అంటుకున్నాక లోపలికెళ్ళి తెచ్చుకునేదేమీ ఉండదు. థిన్నర్ మంట మీద నీళ్ళు పోస్తే మండే ద్రవం నీళ్ళ మీద తేలి ఇంకా పరుచుకుంటుంది. అంతకు మించితే మెట్లు దిగి 101కి ఫోన్.

అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళు యుటిలిటీ బాల్కనీలో చేసుకోవచ్చా అని అడుగుతారు. వాషింగ్ మెషీన్, గ్యాస్ సిలిండర్, గీజరు ఒకే చోట ఉండేది అక్కడే. వద్దు. నీళ్ళతో కలిపే పాలిష్‌లు ఇప్పుడు మన హార్డ్‌వేర్ షాపుల్లో అడిగితే తెప్పించి ఇస్తున్నారు. ఎన్‌సీ అంత లోతైన మెరుపు రాదని మేస్త్రి ముఖం చిట్లిస్తాడు. టేకు మీద నాకూ ఆ తేడా కనిపిస్తుంది. అయినా మా చెల్లెలి ఫ్లాట్‌లోని పుస్తకాల బీరువాకి అదే వేశాను, కిటికీలు తీసి, మామూలు ఫ్యాన్ కిందే.